నామాచార్యుడు హరిదాసఠాకూరు

జపమాల లేని వైష్ణవగృహము అరుదు. పూజామందిరమున సాలగ్రామపెట్టె ప్రక్కనో, పెద్దల గోముఖిసంచిలోనో 108 తులసిపూసల మాల యొకటి తప్పక యుండును. ఆ మాలను త్రిప్పువారికి ఎన్నడో ఒకనాడు ఒక సందేహము కలుగక మానదు. భగవన్నామమునకు లెక్క యేల? మనస్సు నిలిచినపుడు ఒక్కమారు పిలిచినను ఆలకించు స్వామికి వేయిమార్లని, లక్షమార్లని గణించి సమర్పింపవలయునా? మనస్సు నిలువనపుడు పూసలను కదపుటవలన ప్రయోజన మేమి? ఈ సందేహమునకు వాదముచేత గాక తన జీవితముచేతనే సమాధానము చెప్పిన మహనీయుడు హరిదాసఠాకూరు. వంగ, ఉత్కళదేశముల వైష్ణవు లాయనను నేటికిని నామాచార్యుడని కీర్తించుచున్నారు.

హరిదాసు అన్నంతనే తెలుగువారికి ధనుర్మాసపు వేకువలో తలపై అక్షయపాత్ర ధరించి, తంబుర మీటుచు, హరినామము పాడుచు వాకిట నిలుచు భక్తుడు మనసున మెదలును. ఇచట చెప్పబోవు హరిదాసు వంగదేశమున పుట్టినవాడు. నేడు బంగ్లాదేశమునకు చెందిన జెస్సోరు ప్రాంతమున బూఢన గ్రామ మాయన జన్మస్థానము. ఆయన 1450 ప్రాంతమున జన్మించెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. 1486లో నవద్వీపమున అవతరించిన శ్రీకృష్ణచైతన్య మహాప్రభువుకంటె ఆయన వయస్సున చాల పెద్ద. పుట్టినది మహమ్మదీయ కుటుంబమున. బాల్యముననో, యౌవనారంభముననో హరినామ మాయన నాలుకపై నెలకొనినది. అది మొదలు తుదిశ్వాసవరకు దాని నాయన విడువలేదు. బృందావనదాసు రచించిన చైతన్యభాగవతమును, కృష్ణదాసకవిరాజు రచించిన చైతన్యచరితామృతమును ఆయన చరితమునకు ముఖ్యాధారములు.

ఆయన వ్రత మొక్కటే. రాత్రింబవళ్లు కలిపి దినమునకు మూడు లక్షల నామములు. మాట చిన్నది, దాని భార మెంతటిదో మాల చేత బట్టినవారే యెరుగుదురు. మాలకు పూసలు 108. ఒక్కొక్క పూసకు 16 నామములుగల మహామంత్రము. ఒక మాల పూర్తియగునప్పటికి 1,728 నామములగును. పరాకునకును, ఉచ్చారణదోషమునకును ఎనిమిది పూసలను విడిచి, మాలను నూరుగా నెంచుట పెద్దల వాడుక. ఆ లెక్కను 64 మాలలకు 1,02,400 నామములు, అనగా లక్షకు పైచిలుకు. మూడు లక్షలకు 192 మాలలు త్రిప్పవలయును. త్వరితముగా మాలకు ఆరు నిమిషములవంతున జపించినను 192 మాలలకు 1,152 నిమిషములు పట్టును. అది 19 గంటలకు మించిన కాలము. మిగిలిన కొద్ది గంటలలోనే స్నానము, తులసిసేవ, భిక్ష, నిద్ర. ఇట్టి నియమము ఒకనాటి ఉత్సాహముతో నిలుచునది కాదు. ఇచ్చిన మాటను ప్రతిదినము నెరవేర్చుకొను దీక్ష యున్నపుడే నిలుచును. వంగవైష్ణవులు దీనిని సంఖ్యానామ మందురు.

ఇల్లు విడిచిన హరిదాసు బేనాపోలు సమీపమున నొక వనమునందు పర్ణశాల నిర్మించుకొనెను. తులసిని సేవించుచు, బ్రాహ్మణుల యిండ్ల భిక్షాన్నముతో జీవించుచు, నామముతో దినములు గడుపుచుండెను. జనులు ఆయనను పూజింపసాగిరి. ఆ ప్రాంతపు జమీందారు రామచంద్రఖానునకు ఇది కంటగింపయ్యెను. ఆయనకు అపకీర్తి తేవలయునని తలంచి రూపవతియగు నొక వేశ్యను రాత్రివేళ పర్ణశాలకు పంపెను.

ఆమె వచ్చి తులసికి నమస్కరించి, తన కోరిక తెలిపెను. హరిదాసు కోపింపలేదు, పారిపోలేదు. తన సంఖ్య యింకను పూర్తికాలేదనియు, పూర్తియగువరకు కూర్చుండి నామము వినవలసినదనియు, పిదప ఆమె మాట విందుననియు చెప్పెను. ఆమె వాకిట కూర్చుండెను. మాల కదలుచునే యుండెను. తెల్లవారినది, సంఖ్య ముగియలేదు. రెండవ రాత్రియు నటులే గడచినది. తాను నెలకు కోటినామముల యజ్ఞము పూనితిననియు, అది ముగింపునకు వచ్చినదనియు హరిదాసు ఆమెకు తెలియజెప్పెను. మూడవ రాత్రియు ఆమె వచ్చి కూర్చుండెను. వినుట తప్ప వేరు పని లేకపోవుటచేత, ఆ మూడు రాత్రులలో ఆమె చెవిని పడిన నామములకు లెక్కలేదు. తానును మెల్లగా హరినామము పలుకసాగెను. వేకువజామున ఆమె మనస్సు కరగినది. ఆయన పాదములపై వ్రాలి, తనను పంపినదెవరో చెప్పి, తరించు మార్గము చూపుమని వేడుకొనెను.

హరిదాసునకు ఆ కుట్ర మొదటనే తెలియును. ఆనాడే ఆ చోటు విడిచి పోవలసినవాడు ఆమెకొరకే మూడు దినములు నిలిచెను. ఆమె తన సొత్తు నంతయు దానమొనర్చి, శిరోముండనము చేయించుకొని, ఏకవస్త్రమై ఆ పర్ణశాలయందే యుండి తులసిసేవయు, నామజపమును సాగించెను. దినమునకు మూడు లక్షల నామముల నియమము ఆమెకును సంక్రమించినది. కాలక్రమమున పరమవైష్ణవియై, పెద్దలగు వైష్ణవులు సైతము దర్శింపవచ్చునంతటి ఖ్యాతి గాంచెను. సంఖ్య పూర్తికావలయునన్న నియమము హరిదాసును కాపాడినది. ఆ సంఖ్య పూర్తియగువరకు వేచియుండుట ఆమెను కాపాడినది.

హరిదాసు నామమును పెదవులలోనే దాచుకొనక ఉచ్చస్వరముతో పలుకుచుండెను. హరినది యను గ్రామమున నొక పండితుడు దీనిని ఆక్షేపించెను. నామమును మనస్సున జపింపవలయును గాని బిగ్గరగా పలుకుట యేల యని యాతని ప్రశ్న. మౌనముగా జపించువాడు తన్ను మాత్రమే తరింపజేసికొనుననియు, బిగ్గరగా పలుకువాడు విన్నవారినందరిని తరింపజేయుననియు, నోరు లేని పశుపక్షికీటకములకు నామము అందు మార్గ మదియొక్కటే యనియు హరిదాసు వినయముతో బదులు చెప్పెను. తన కడుపు మాత్రము నింపుకొనువానికిని, నలుగురికి అన్నము పెట్టువానికిని గల భేదమే వీరిద్దరికిని గలదని యాయన భావము. ఆయన లెక్క తనకొరకు, ఆయన స్వరము ఇతరులకొరకు.

అటుపిమ్మట ఆయన గంగాతీరమున శాంతిపురము చేరెను. అచట అద్వైతాచార్యుడను మహాపండితుడు, పరమభక్తుడు నివసించుచుండెను. ఆయన హరిదాసును ఆదరించి, గంగయొడ్డున ఏకాంతమైన గుహ నేర్పరచి, భిక్ష తన యింటనే స్వీకరింపుమని కోరెను. పితృశ్రాద్ధమున శ్రేష్ఠుడగు బ్రాహ్మణునకు సమర్పించు పాత్రను అద్వైతాచార్యుడు హరిదాసునకే సమర్పించెను. తనమూలమున ఆచార్యునికి కులమువారితో చిక్కు వచ్చునేమోయని హరిదాసు భయపడెను. ఆచార్యుడు వెనుదీయలేదు. హరిదాసునకు భోజనము పెట్టుట అనేక బ్రాహ్మణులకు పెట్టుటతో సమానమని నిశ్చయముగా పలికెను. దాదాపు అయిదువందల యేండ్లనాటి సంఘమున ఈ కార్యమునకు ఎంత ధైర్యము కావలసియుండెనో ఊహింపవలసినదే.

శాంతిపురమునకు చేరువనున్న ఫులియాలో హరిదాసు నివసించుచుండగా ఆ ప్రాంతపు కాజీ పాలకునితో ఫిర్యాదు చేసెను. మహమ్మదీయుడై పుట్టి హిందువుల దేవుని నామము పలుకుట నేరమని యాతని ఆరోపణ. పాలకుడు తొలుత మర్యాదతోనే పిలిపించి, ఆసనమిచ్చి, కారణ మడిగెను. అందరికిని ఈశ్వరు డొక్కడే యనియు, పేర్లలోనే భేదమనియు, ఆయన ప్రేరేపించినట్లు తాను నడచుచున్నాననియు హరిదాసు చెప్పెను. సభలో పలువురు సంతసించిరి. కాజీ మాత్రము పట్టు విడువలేదు. నామమును విడువని పక్షమున శిక్ష తప్పదని బెదిరించిరి. దేహము ముక్కలైనను నామమును విడువనని హరిదాసు స్థిరముగా బదులిచ్చెను. 22 అంగడులలో త్రిప్పుచు కొరడాలతో కొట్టవలసినదని ఆజ్ఞ యయ్యెను.

అంగడి వెంట అంగడి గడచినది. చూచువారు కన్నీరు పెట్టిరి. కొందరు భటుల కాళ్లపై బడి ధనమిత్తుమని బతిమాలిరి. ఆ సమయమున హరిదాసు ప్రార్థించినది తన రక్షణకొరకు గాదు, తన్ను కొట్టుచున్నవారికి ఆ పాపము తగులకుండవలయునని. రెండు మూడు అంగడులలోనే ప్రాణము పోవలసినవాడు 22 అంగడులు దాటియు జీవించియుండుట చూచి భటులు భయపడిరి. ఆయన చావనిచో తమకు మరణశిక్ష తప్పదని మొరపెట్టుకొనిరి. వారికి కీడు కలుగరాదని హరిదాసు ధ్యానమగ్నుడై శవమువలె పడియుండెను. ఆయనను గంగలో విడిచిరి. ప్రవాహమున కొట్టుకొనిపోయి, తెలివి వచ్చి, ఒడ్డుకు చేరి, నామము పలుకుచు తిరిగి ఫులియాకు నడచి వచ్చెను. పాలకుడు విస్మయముతో క్షమాపణ కోరెను. మంచిదినములలో ప్రతిదినము తప్పక పలికిన నామము చెడుదినమున పిలువకయే నాలుకపైకి వచ్చును. దినదినము సంఖ్య నడుపుటలోని బలము ఆ అంగడులలో బయటపడినది.

నవద్వీపమున చైతన్యమహాప్రభువు సంకీర్తనోద్యమము నారంభించినపుడు హరిదాసు ఆయనను చేరెను. వాడవాడకు పోయి, ప్రతి యింటి వాకిట నిలిచి, కృష్ణనామము పలుకుడని వేడు పని మహాప్రభువు ఇద్దరికి అప్పగించెను. ఒకరు నిత్యానందుడు, రెండవవాడు హరిదాసు. 1510లో మహాప్రభువు సన్న్యసించి పురుషోత్తమక్షేత్రమునకు, అనగా పూరీకి వెడలెను. ఆ యేడే దక్షిణయాత్రకు బయలుదేరి శ్రీకూర్మమును, సింహాచలమును దర్శించి గోదావరీతీరమునకు వచ్చెను. అచట గజపతి ప్రతాపరుద్రుని ప్రతినిధిగా పాలించుచున్న రామానందరాయలు ఆయనను కలిసికొని, తరువాత పదవి విడిచి పూరీ చేరెను. తెలుగునేలపై కుదిరిన ఈ బంధము హరిదాసు చరమఘట్టమున మరల కనిపించును.

దక్షిణయాత్ర ముగిసి మహాప్రభువు పూరీకి తిరిగివచ్చిన పిమ్మట వంగభక్తులతో హరిదాసును అచటికి చేరెను. అందరును మహాప్రభువు బసకు పోయిరి, హరిదాసు మాత్రము రాజమార్గముననే సాష్టాంగపడియుండెను. తన పుట్టుక నెంచుకొని, జగన్నాథసేవకులు తన్ను తాకవలసివచ్చునేమోయని మందిరమునకు చేరువగా పోవుట కాయన ఇష్టపడలేదు. మహాప్రభువే ఎదురువచ్చి, వలదనుచున్నను కౌగిలించుకొని, తన బసకు సమీపమున పూదోటలో నొక చిన్న నివాసము చూపెను. మందిరశిఖరముపైని చక్రమును చూచి నమస్కరించి, నామము పలుకుచు అచటనే యుండవలసినదనియు, తానే ప్రతిదినము వచ్చి చూతుననియు చెప్పెను. నేడు సిద్ధవకుళ మను పేర యాత్రికులు దర్శించు స్థల మదియే. అచటి పొగడచెట్టు స్వామివారి దంతధావనపు పుల్లనుండి మొలిచినదని స్థలైతిహ్యము.

హరిదాసు ఆలయములోనికి పోలేదు. జగన్నాథుని ప్రసాదము గోవిందుడను సేవకునిచేత ప్రతిదినము ఆయన వాకిటికే వచ్చుచుండెను. మహాప్రభువు వచ్చుచుండెను. పూరీకి వచ్చినపుడు రూపసనాతన గోస్వాములు ఆయనతోనే నివసించిరి. ఒక్కచోట కూర్చుండి లెక్క తప్పక నామము పలికిన వృద్ధుని వాకిలియే ఒక క్షేత్రమయ్యెను.

మహాప్రభువునకు సంఖ్యయందు గల ఆదరమును తెలుపు వృత్తాంతము కలదు. తన్ను భిక్షకు పిలుచువాడు లక్షేశ్వరుడై యుండవలయునని ఆయన నియమము పెట్టెను. లక్ష మాట అటుంచి తమకు వేయియు లేదని బ్రాహ్మణులు దిగులుపడిరి. తాను చెప్పినది ధనము కాదనియు, దినమునకు లక్షనామములు జపించువాడే లక్షేశ్వరుడనియు మహాప్రభువు వివరింపగా, ఆయనకు భిక్ష పెట్టు భాగ్యమునకై వారందరును ఆ నియమము స్వీకరించిరి. ఆయన తానును ముడులు వేసిన త్రాటితో నామమును లెక్కించుచుండెనని రూపగోస్వామి స్తుతులవలన తెలియుచున్నది.

ఏండ్లు గడచినవి. ఒకనాడు గోవిందుడు ప్రసాదము తెచ్చి చూడగా హరిదాసు పండుకొని మెల్లమెల్లగా నామము పలుకుచుండెను. లేచి ప్రసాదము స్వీకరింపుమనగా, నేడు ఉపవసింతునని చెప్పెను. సంఖ్య పూర్తికానిది భుజించుట యెట్లు? వచ్చిన మహాప్రసాదమును ఉపేక్షించుట యెట్లు? రెంటికిని నడుమ చిక్కి, ప్రసాదమునకు నమస్కరించి అందులో ఒక్క కణము మాత్రము నోట వేసికొనెను.

మరునాడు మహాప్రభువు వచ్చి ఆరోగ్యమెట్లున్నదని యడిగెను. దేహమునకు జబ్బు లేదనియు, మనస్సునకే యున్నదనియు హరిదాసు చెప్పెను. ఆ జబ్బేమని యడుగగా, సంఖ్య పూర్తియగుటలేదని విన్నవించెను. 22 అంగడులలో కొరడాదెబ్బలు తిన్ననాడు తన కష్టము చెప్పుకొననివాడు, మాల నిండకపోవుటను మాత్రము వ్యాధిగా చెప్పుకొనెను.

మహాప్రభువు ఇచ్చిన సమాధానము ప్రతి వైష్ణవుడును గుర్తుంచుకొనదగినది. వృద్ధుడవైతివి గనుక సంఖ్య తగ్గించుకొనుమని ఆయన చెప్పెను. సిద్ధుడవైన నీకు ఇంక సాధనయందు ఇంత పట్టుదల యేల యనియు, నామమహిమను లోకమున వెల్లడించుటకై వచ్చినవాడవు, ఆ కార్యము నెరవేరినది గదా యనియు అనునయించెను. లక్షేశ్వరుని యింటనే భుజింతునన్న ప్రభువే ముసలిభక్తునితో లెక్క తగ్గించుకొనుమనెను. సంఖ్య భక్తుని ప్రేమకు గుర్తేగాని, ప్రభువు వసూలు చేయు బాకీ కాదు.

అపుడు హరిదాసు తన చివరికోరిక వెల్లడించెను. మహాప్రభువు లీల చాలించుట చూడక మునుపే, ఆయన పాదములు తన హృదయమున నుంచుకొని, ఆయన ముఖమును కన్నులార చూచుచు, ఆయన నామము పలుకుచు దేహము విడువవలయునని వేడెను. మరునాటి ఉదయమున మహాప్రభువు భక్తులతో వచ్చెను. ముంగిట సంకీర్తనము మొదలయ్యెను. రామానందరాయలు, సార్వభౌమభట్టాచార్యులు మొదలగువారి సమక్షమున మహాప్రభువు హరిదాసు గుణములను నోరార వర్ణించెను. హరిదాసు ఆయనను ఎదుట కూర్చుండబెట్టుకొని, కోరినట్లే పాదములు ఎదపై నుంచుకొని, ముఖమును చూచుచు, శ్రీకృష్ణచైతన్యనామము పలుకుచు ప్రాణము విడిచెను. చూచినవారికి భీష్ముని నిర్యాణము స్ఫురించినది.

మహాప్రభువు ఆ దేహమును తన చేతులలో నెత్తుకొని ముంగిట నృత్యమాడెను. సముద్రతీరమునకు ఊరేగింపుగా కొనిపోయి, స్నానము చేయించి, జగన్నాథుని ప్రసాదవస్త్రచందనములు సమర్పించి, ఇసుకలో సమాధి చేసిరి. మొదటి యిసుక మహాప్రభువు స్వహస్తములతో వేసెను. అనంతరము సింహద్వారమున అంగడివారియెదుట కొంగు పట్టి, హరిదాసు ఉత్సవమునకు ప్రసాదము భిక్షగా నిండని యాచించెను. ఆలయములోనికి పోనొల్లనివానికొరకు స్వామియే ఆలయద్వారమున బిచ్చమెత్తెను.

పూరీలో స్వర్గద్వారమువద్ద హరిదాసు సమాధిమఠము నేటికిని కలదు. ఆయన నిర్యాణతిథిని భాద్రపదశుద్ధ చతుర్దశినాడు గౌడీయవైష్ణవులు ఆచరింతురు. తెలుగువారి యిండ్లలో అనంతపద్మనాభవ్రతము జరుగు దినమును అదియే. పూరీయాత్ర చేయు తెలుగు యాత్రికులు జగన్నాథుని సేవించుకొని సిద్ధవకుళమును, సమాధిమఠమును దర్శించి, అచట ఒక మాల జపించుట యుచితము.

గృహస్థులకు మూడు లక్షల నియమము సాధ్యము కాదు, అవసరమును కాదు. ఒక మాలయైనను చాలును, అది ప్రతిదినము జరుగవలయును. మేరుపూసను దాటక, చూపుడువ్రేలు తగులనీక, బొటనవ్రేలితోను నడిమివ్రేలితోను పూసలను నెమ్మదిగా జరుపుచు, పలికిన నామమును తన చెవి వినునట్లు పలుకవలయును. మనస్సు పారిపోయినను చేతిలోని పూస దానిని మరల పిలుచును. అందులకే పూసలు, అందులకే లెక్క. వ్రేళ్లు వణకు నాడు, కన్ను మసకబారు నాడు నియమించుకొన్న సంఖ్య నిండలేదని యింటి పెద్దలు కుందినచో, మహాప్రభువు హరిదాసునకు చెప్పిన మాటనే వారికి ప్రేమతో చెప్పవలయును. వారి చేతిలోని మాలను పిన్నవారు అందుకొని మిగిలిన పూసలను వారు వినునట్లు పూర్తిచేసిన యెడల ఆ యింట నామము ఎడతెగక నిలుచును.